అక్క నమ్మిన మాట

లాస్‌పేటలో మా రక్తపరీక్షల ల్యాబ్‌లో అందరికన్నా పెద్దామెను అక్క అనేవాళ్లం. మేం తయారుచేసిన రిపోర్టుల మీద సంతకం పెట్టేముందు, "సరిగా చూస్తివా?" అని ఒక్కటే అడిగేది. చూశానంటే చాలు, మళ్లీ తిప్పి చూసేది కాదు.

ఒకరోజు బద్ధకించి, చూడకుండానే చూశానన్నాను. ఇద్దరి రిపోర్టులు తారుమారయ్యాయి. ఒక ముసలాయన తనకు లేని షుగర్‌కు మందు వేసుకుని కళ్లు తిరిగి పడిపోయాడు. రెండు రోజులకు కోలుకున్నాడు.

మేనేజరు నిలదీస్తే అక్క నా వైపు తిరిగింది.

"నువ్వు చూస్తివి గదా, తమ్ముడూ?"

"చూస్తినక్కా."

"వాడు అబద్ధం చెప్పడు సార్. నేనే యాడనో మార్చిపెట్టుంటా," అంది.

ఆ వారమే ఆమెను పనిలోంచి తీసేశారు.

ఆమె కుర్చీలో ఇప్పుడు నేనున్నాను. అప్పుడప్పుడు అక్క అరియాంకుప్పం నుంచి ఫోన్ చేసి, "బాగుండావా, తమ్ముడూ?" అంటుంది. "బాగుండాను" అంటాను. ఫోన్ పెట్టేసి, సంతకం పెట్టబోయే రిపోర్టును మళ్లీ మొదటినుంచి చూస్తాను.