గవ్వలు నేనే వేశాను

మా క్వార్టర్ల వెనుక మూడు ముక్కలాట ఆడేవాళ్లను పోలీసులు పట్టుకుపోయిన మర్నాడు నాన్న ఇంట్లో ఒక చట్టం పెట్టాడు. అరుగు మీద అవ్వ ఆడే గవ్వలాట ఇక బంద్.

ఆయన మాత్రం డ్యూటీ దిగాక దోస్తులతో చాయ్ పందెం మీద రమ్మీ ఆడేవాడు. రమ్మీకి తెలివి కావాలని, అది జూదం కాదని కోర్టు చెప్పిందట. పేపర్లో వచ్చిన ఆ ముక్కను నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు. మూడు ముక్కలాటలో అంతా పడే ముక్కను బట్టే, గవ్వలూ అంతేనని ఆయన వాదన. పైగా అవ్వ ఆటలో ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు నల్లా దగ్గర బిందె నింపి తేవాలి. అదీ పందెమేనన్నాడు.

అవ్వ నాన్నకు తల్లి. ఊరు వదిలి మా దగ్గరికి వచ్చిన కొత్తలో ఎవరూ తెలియక తలుపు చాటునే కూర్చునేది. పక్కనే పుస్తకం అడ్డం పెట్టుకుని నేను. ఒకరోజు సుద్దముక్కతో అరుగు మీద గళ్లు గీసి గవ్వలు తీసింది. ఆనాటి నుంచే ఇరుగుపొరుగు ఆడవాళ్లు మా ఇంటికి రావడం మొదలైంది. ఆట పోతే ఆమెకు మళ్లీ ఆ తలుపు చాటే.

"గవ్వలు నా చేతిల లేవు కొడుకా. ఏ కాయ నడపాల్నో నా చేతిల ఉన్నది," అంది అవ్వ.

నాన్న ఒప్పుకోలేదు. మంచివి పడితే ఎవరైనా గెలుస్తారన్నాడు. అరుగు కింద ఆడవాళ్లు వింటున్నారు. వాళ్ల ముందు నేనెన్నడూ నోరు తెరిచి ఎరగను.

"గవ్వలు నేనేస్త నాయినా. పడ్డదాన్నే నువ్వు, అవ్వ ఇద్దరు నడవాలె," అన్నాను.

నాలుగు పడితే ఇద్దరికీ నాలుగు, ఎనిమిది పడితే ఇద్దరికీ ఎనిమిది. ముందు కదపడం మాత్రం ఒకసారి ఒకరు, ఇంకోసారి ఇంకొకరు. అదృష్టం సమానమైతే మిగిలేది తెలివే కదా అని నా లెక్క. అవ్వ గెలిస్తే ఆట ఉంటుంది, ఓడితే పోతుంది.

నాన్న సరేనని ఆటకు కూర్చున్నాడు. ఒకే కాయను పరుగెత్తించాడు. అవ్వ తన నాలుగు కాయలనూ కొద్దికొద్దిగా కదుపుతూ, చంపకూడదని గుర్తు పెట్టిన గళ్లలో ఆపుకుంటూ వచ్చింది. నాన్న కాయ ఇంకొంచెంలో పండుతుందనగా నేను మూడు వేశాను. ముందు కదిపే వంతు అవ్వది. మూడు గళ్ల వెనుక ఎప్పటినుంచో కాచుకుని ఉన్న కాయతో దాన్ని చంపేసింది.

ఆ తరువాత నాన్న కోలుకోలేదు. ఓడిపోయి, నేను వేసే గవ్వలు అవ్వ దిక్కే పడుతున్నాయని గొణిగాడు.

"గదే మూడు నీకు గూడ పడ్డది గద," అంది అవ్వ నింపాదిగా. "పో, బిందె తే."

నల్లా దగ్గర ఆడవాళ్లు నవ్వుతూ ఆయనకు దారి ఇచ్చారు.

మర్నాడు నాన్న రమ్మీకి పోలేదు. డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అవ్వ ఎదురుగా కూర్చున్నాడు. చుట్టూ ఆడవాళ్లు చేరారు. నేను పుస్తకం లోపల పెట్టి వచ్చి గవ్వలు అందుకున్నాను.