రాగిపిండి క్రీము బిస్కెట్లు

నా పరువును ఒక రేకు డబ్బాలో పెట్టి, మదనపల్లెలో బస్సెక్కించి, పుంగనూరులో దింపేసిన కథ ఇది. నవ్వండి, నేనేమీ అనుకోను. నేనూ చాలాసార్లు నవ్వుకున్నాను. ఆ రోజు మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

ఎనభైల మొదట్లో మాట. డిగ్రీ అయిపోయి, మదనపల్లెలో మా ఇంట్లో ఏ పనీ లేకుండా తిరుగుతున్నాను. కుదురన్నది నా ఒంట్లో లేదు. పుంగనూరులో ఉండే మా అన్న కూతురు సరళకు ఎవరో బెంగుళూరు నుంచి చాక్లెట్ బిస్కెట్ల పొట్లం తెచ్చారు. రెండు నల్లటి బిస్కెట్లు, మధ్యలో తెల్లటి క్రీము. నేను వాళ్ళింటికి పోయినప్పుడు ఆ పిల్ల వాటిని విడదీసి, క్రీము నాకి, "అత్తా, ఇవి ఈడ యాల దొరకవు?" అని దిగులుపడింది. నా నోరు ఊరుకోలేదు.

"దొరక్కపోతే ఏం? నీ పుట్టినరోజుకు నేనే చేసి తెస్తా."

"నిజంగానా?"

"నిజంగానే."

రెండో తరగతి పిల్ల. మర్నాడే బడిలో చాటింపు వేసింది, మా అత్త బెంగుళూరు బిస్కెట్లు చేసి తెస్తుంది, అందరూ మా ఇంటికి రండి అని. ఇప్పుడు పోయేది నా మాట కాదు, ఆ పిల్ల మాట. నాకు నిద్ర కరువైంది.

అప్పట్లో మా వైపు మైదా, చక్కెర, వనస్పతి మనమే తీసుకెళ్లి ఇస్తే బేకరీలో బిస్కెట్లు కాల్చి ఇచ్చేవాళ్ళు. కాబట్టి కాల్చడం సమస్య కాదు, నలుపే సమస్య. కోకో పొడి కోసం ఊళ్ళో కొట్లన్నీ తిరిగాను. ఒకాయన కాఫీపొడి చూపించి సర్దుకోమన్నాడు. విసిగి ఇంటికొస్తే డబ్బా నిండా రాగిపిండి కనిపించింది. రంగుకు రంగు ఉంది కదా. ఇంత తెలివి నాకెక్కణ్ణుంచి వచ్చిందా అని నేనే ఆశ్చర్యపోయాను.

బేకరీ సాయిబు పిండిని వేళ్ళతో నలిపి చూశాడు. "రాగులతో బిస్కెట్లా? ఇంతవరకు ఎవురూ సేయలేదమ్మా."

"అందుకే కదప్పా మనం చేస్తాండేది."

ఆ 'మనం' ఆయనకు బాగా నచ్చింది. "అట్లయితే వనస్పతి రెండింతలు ఏద్దాం. మెత్తగా వస్తాయి" అన్నాడు. ఇద్దరం ఒకరికొకరు సరిపోయాం.

ఇంటికొచ్చి వనస్పతిలో చక్కెర పొడి గిలకొట్టి, ఒక్కో జత మధ్యా దిట్టంగా పూశాను. చూడటానికి అచ్చం అవే. అమ్మ, "ఒకటి తిని సూడరాదా?" అనింది. పిల్లలకు తక్కువవుతాయని మూత పెట్టేశాను.

పుట్టినరోజు మార్చి చివర్లో వచ్చింది, ఒంటిపూట బళ్ళు. బస్సులో కాలు పెట్టే చోటు లేదు. నేను డబ్బాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారుస్తూ, మూత తీస్తూ, పెడుతూ అందరి ప్రాణాలూ తీస్తున్నాను. చివరికి డ్రైవరుకే విసుగొచ్చింది.

"ఏముండాదమ్మా దాంట్లో?"

"బిస్కెట్లు. విరిగిపోతాయేమోనని."

"ఇట్లియ్యి. ఇంజన్ మీద పెడతా, కదలదు."

ఆ బస్సుల్లో ఇంజన్ డ్రైవరు పక్కనే, రేకు మూత కింద ఉండేది. దేవుడే ఈ మనిషిని పంపాడనుకుని ఇచ్చేశాను. డబ్బా నిజంగానే కదల్లేదు. పుంగనూరులో దిగుతూ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

ఇంట్లో వదిన మూత తీసింది. లోపల బిస్కెట్లు లేవు. నూనె తేలుతున్న నల్లటి ముద్ద ఒకటి, డబ్బా ఆకారంలో ఉంది. వదిన పోయి గరిటె తెచ్చింది.

పుట్టినరోజుకని వచ్చిన వదిన వాళ్ళ నాయనకు పళ్ళు లేవు. పాపం, ఆకలి మీద ఉన్నట్టున్నాడు. వేలితో ఇంత తీసి నోట్లో వేసుకున్నాడు.

"రాగిసంగటి మెత్తగా ఉండాది. చక్కెర యాల ఏసినారు? నంజుకోను చెనిక్కాయల ఊరిబిండి ఉంటే కొంచెం పెట్టమ్మా."

వదిన నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. సరళ నవ్వలేదు. వీధిలో పిల్లల గోల దగ్గరికొస్తోంది. అది డబ్బాను చూసింది, నన్ను చూసింది.

"నేనే వాళ్ళకు చెప్తాలే సరళా" అన్నాను.

"వద్దత్తా. నువ్వు వంటింట్లోకి పో. నువ్వు రాలేదని చెప్తా."

పోయాను. డిగ్రీ చదివినదాన్ని, బియ్యం బస్తా వెనక నక్కి కూర్చున్నాను. బయట వదిన పిల్లలకు బొరుగులు పంచుతోంది.

"మీ అత్త యాడ?" అని ఎవరో అడిగారు.

"బస్సు తప్పిపోయిందంట."

"నిజంగా ఆయమ్మకు చేయను వచ్చునా?"

"మా అత్త చేసిందంటే బెంగుళూరోళ్ళు గూడా అడుక్కోని తినాల" అనింది సరళ, కొంచెం కూడా తడబడకుండా.

అప్పుడే, ఆ బియ్యం బస్తా మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఈ జన్మలో మళ్ళీ బిస్కెట్ చేయను. నేను చేయనంతకాలమే ఆ పిల్ల మాట నిజం.