చీకటి ప్రార్థనకు తెచ్చిన రోకలి

మొన్న పొద్దున్నే ఫోన్ మోగింది. ఉదయగిరి రోడ్డులో ఒకప్పుడు మేము పాటలు నేర్పిన ఊరి నుంచి, నేను వదినా అని పిలిచే ఆమె చేసింది. చుట్టరికం ఏమీ లేదు, చర్చి క్వయర్‌లో ఒకే బెంచీ మీద కూర్చోవడం వల్ల కలిసిన వరస. "టీచరమ్మా, మా మరిది పొయినాడు. సాయంకాలం మట్టి చేస్తా ఉండారు. మీ బావగారిని తీసుకోని రా. ఆ లాటిన్ కీర్తన పాడాల," అంది. గొంతులో ఏడుపు లేదు. ఎవరు పాడాలి వదినా అని అడిగాను. "ఎవురేంది? రెండు పక్కలా పాడాల," అని పెట్టేసింది. ఆ మరిది భుజం ఎముక విరగ్గొట్టింది ఆ వదినే. అదీ చర్చిలో, ప్రార్థన జరుగుతుండగా.

ముందు మా బావ గురించి చెప్పాలి. మా అక్క మొగుడు. వయసులో ఉన్నప్పుడు ఫాదర్ కావాలని, ఆ చదువు చెప్పే సెమినరీలో చేరి, లాటిన్ పాటలన్నీ కంఠతా పట్టి, సగంలో వచ్చేసి మా అక్కను చేసుకున్నాడు. దేవుడు తప్పించుకున్నాడు, మా అక్క దొరికిపోయింది అని ఆయన ముందే అనేదాన్ని. పోస్టాఫీసులో రిటైరయ్యాక, పల్లె క్వయర్లకు ఆ పాత లాటిన్ పాటల పద్ధతి, గ్రెగోరియన్ గానం నేర్పుతానని మోపెడ్ వేసుకుని ఆత్మకూరు, చేజర్ల, ఉదయగిరి వైపు చర్చిలన్నీ తిరిగాడు. ఆడవాళ్ల గొంతులు సరిచేయడానికి నేను వెనక సీట్లో. ఆ గానానికి డోలక్ ఉండదు, కీబోర్డు ఉండదు, తాళం ఉండదు. ఎంతమంది పాడినా ఒక్క గొంతే వినపడాలి. మనవాళ్లకేమో డోలక్ మోగనిదే పాట గొంతు దాటదు, చేతులు వాటంతటవే తొడమీద దరువేస్తాయి. బావ చేతిలో ఎప్పుడూ ఒక బెత్తం. ఎవరి చెయ్యి కదిలినా వాళ్ల ముందున్న బెంచీ ఫట్‌మనేది. ఒక ఊళ్లో డోలక్ దాచిపెట్టుకొచ్చారని దాన్ని కాలితో ఒక్క తన్ను తన్నాడు. అది మెట్ల మీంచి దొర్లి, తోలు పగిలి, బయట కట్టేసిన బర్రె కాళ్ల దగ్గర పడింది. బర్రె పలుపు తెంపుకుని పరుగు తీసింది. శాంతి గీతాలు నేర్పడానికి వచ్చిన మనిషి చేసే పనులు అవి.

ఆ ఊరికి మమ్మల్ని అక్కడి ఫాదరే పిలిపించాడు. వదిన మొగుడికీ ఆయన తమ్ముడికీ పొలం గట్టు దగ్గర తగాదా. ఒకరోజు మాటా మాటా పెరిగి తమ్ముడు పారతో కొట్టాడు. అన్నకు తగలాల్సిన దెబ్బ, అడ్డమొచ్చిన అన్న కొడుకు మొహాన పడింది. వదినకు ఒక్కడే కొడుకు, వాడికి ఎడమ కన్ను పోయింది. మరిది జైలుకెళ్లి బెయిల్ మీద వచ్చాడు. అప్పటినుంచి ఊరు రెండుగా చీలింది. ఒకరి గడ్డివాము తగలబడితే ఇంకొకరి మోటారు బావిలో పడేది. ఎదురుపడ్డ చోటల్లా కర్రలు లేచేవి. ఇంత జరుగుతున్నా ఆదివారం క్వయర్ మాత్రం ఎవరూ వదల్లేదు. వదిన గొంతుకు వదినే సాటి, మరిది గొంతుకు మరిదే సాటి. ఈస్టర్ ముందు నలభై రోజుల తపస్సు కాలంలో అందరూ కలిసి ఒక్క కీర్తన పాడకపోతే ఈస్టర్ నుంచి క్వయర్ రద్దు చేస్తానన్నాడు ఫాదర్.

బావ వాళ్లను రెండు వరసలుగా, ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. ఆ గానంలో పద్ధతే అది. ఒక చరణం ఈ పక్క, ఒక చరణం ఆ పక్క. పగవాళ్లను మొహాలు చూసుకునేట్టు కూర్చోబెట్టడమేంటి బావా అన్నాను. నువ్వు నోరు మూసుకుని శ్రుతి చూడు అన్నాడు. మొదట్లో అది పాట కాదు, అరుపుల పోటీ. మరిది పక్క చరణం పూర్తవకముందే వదిన పక్క మీద పడేది. బెత్తం పెళ్లున మోగేది. "వాళ్ల ఊపిరి అయిపోయిందాకా ఆగండి. చెవులు పెట్టి వినండి. ఊపిరి ఆగితేనే మీరు ఎత్తుకోవాల," అని అరిచేవాడు. అలా తపస్సు కాలమంతా వదిన, తన కొడుకు కన్ను పోగొట్టినవాడి ఊపిరి ఎక్కడ ఆగుతుందో విని, అక్కడ తన ఊపిరి తీసుకుంది. అతనూ అంతే. నేర్చుకున్నారు, బాగా నేర్చుకున్నారు. ఫాదర్ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

గుడ్ ఫ్రైడే ముందు బుధవారం సాయంకాలం చీకటి ప్రార్థన. కీర్తన తర్వాత కీర్తన పాడుతూ కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆర్పుతారు. చివరిదాన్ని పీఠం వెనక దాస్తారు. ఆ చీకట్లో అందరూ పుస్తకాలతో బెంచీలను బాదాలి, ప్రభువు చనిపోయినప్పుడు వచ్చిన భూకంపానికి గుర్తుగా. తర్వాత కొవ్వొత్తి బయటికొస్తుంది, ఎవరూ మాట్లాడకుండా వెళ్లిపోవాలి. అయితే ఆ ఊళ్లో అంతమందికి పుస్తకాలెక్కడివి? ఇంట్లో ఏదుంటే అది తెచ్చుకోండి, గట్టిగా మోగాలి అని చెప్పాడు మా బావ మహానుభావుడు. తెచ్చారు. ముల్లుకర్రలు, పచ్చడి బండలు, అట్లకాడలు, ఒకాయన ఏకంగా గడ్డపార. వదిన ఒళ్లో కారం దంచే రోకలి. గుమ్మంలో నిలబడి చూసిన ఫాదర్ మొహం పాలిపోయింది. కానీ అప్పటికే కీర్తన మొదలైంది. ఆపితే ఏమవుతుందోనన్న భయం ఎక్కువైంది.

చివరి వెలుగు పోగానే భూకంపం నిజంగానే వచ్చినట్టయింది. కిటికీ అద్దాలు అదిరాయి, పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. నా పక్కన బెంచీ ఖాళీ అయింది. చెయ్యి చాపితే వదిన లేదు. ఆ మోతలోంచి, చెక్కను తగిలిన చప్పుడు కానిది ఒకటి వినపడింది. మెత్తగా, మళ్లీ ఇంకోసారి. కొవ్వొత్తి బయటికి వచ్చేసరికి వదిన నా పక్కనే ఉంది, చెమటలు కారుతూ. ఎదురు వరసలో మరిది బెంచీల మధ్య ఒరిగి ఉన్నాడు. చెవి దగ్గర నెత్తురు, ఒక భుజం వేలాడుతోంది. అరుపు లేదు, మూలుగు లేదు. అతని పక్కవాళ్లు కర్రలు బిగించారు. అతను బాగున్న చెయ్యెత్తి, నోటి మీద వేలు పెట్టాడు. ఎవరూ మాట్లాడకూడదు కదా. అందరూ అలాగే బయటికి నడిచారు.

ఆత్మకూరు ఆసుపత్రిలో మా బావ అతని మంచం పక్కన తల దించుకుని కూర్చున్నాడు. ఎవరు కొట్టారో తెలుసా అని అడిగాడు. "తెలవకుండా యాడికి పోద్ది సార్? కొట్టే ముందు ఊపిరి పీల్చి బిగబట్టింది. ఇన్నాళ్లూ మీరు మాకు నేర్పిచ్చింది అదే గదా," అన్నాడు. పోలీసులకేం చెప్తావంటే, "చీకట్లో బెంచీ మీద పడినాను. వాడి కన్ను వాడికి రాదు సార్. ఈ చెయ్యి పోతే పోనీ," అన్నాడు. అంతే చెప్పాడు, అదే మాట మీద నిలబడ్డాడు. అతని పక్కవాళ్లు లేపిన కర్రలు ఆ మాటతో దించుకోక తప్పలేదు. వదిన క్షమించలేదు, రోకలి గురించి ఒక్క మాటా అనలేదు, అతనితో మాట్లాడనూ లేదు. కానీ ఈస్టర్‌కు అతను కట్టుతో వచ్చి తన చరణం పాడితే, ఊపిరి ఆగిందాకా ఆగి తన చరణం ఎత్తుకుంది. ఇన్నేళ్లూ వాళ్లిద్దరి మధ్య నడిచిన మాటలు అవే.

మొన్న సాయంకాలం మోకాళ్ల నొప్పులతో, బెత్తంతో బావ వచ్చాడు. శవపేటికకు రెండు పక్కలా రెండు వరసలు. మరిది స్థానంలో అతని కొడుకు పాడి చరణం ముగించాడు. వదిన ఎత్తుకోవాలి. ఎత్తుకోలేదు. కుర్రాడి ఊపిరి అయిపోయింది, నిశ్శబ్దం సాగింది. వదిన కళ్లు మూసుకుని ఇంకా వింటోంది, కుర్రాడి ఊపిరి కోసం కాదు, పేటికలో ఉన్నవాడి ఊపిరి కోసం. అంత ఆలస్యం చేస్తే ఎవరైనా బెత్తం దెబ్బ వినాల్సిందే. బావ చెయ్యి లేచింది. కానీ కొట్టలేదు, మెల్లగా బెత్తాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. వదిన కళ్లలోంచి నీళ్లు జారాయి, అప్పుడు గొంతెత్తింది.

కాలం అన్నిటినీ మాన్పుతుందంటే నేను ఒప్పుకోను. ఆ పిల్లవాడి కన్ను రాలేదు, మరిది చెయ్యి చివరిదాకా భుజం పైకి లేవలేదు. కాలం చేసిందల్లా, ఒకనాడు రోకలి ఎత్తడానికి బిగపట్టిన ఊపిరిని, ఇన్నేళ్లకు, అదే మనిషి కోసం విడవనివ్వడం.