మనిషికి రెండున్నర అడుగులు

సౌదీలోని జుబైల్‌లో షట్‌డౌన్ పనులు మొదలయ్యాయంటే ఊళ్లో గదులు దొరకవు. ప్లాంట్లు ఆపి బాగుచేసే ఆ రెండు నెలలకు వేలమంది వెల్డర్లు, ఫిట్టర్లు దిగుతారు. గదులు మాత్రం ఉన్నవే. అందుకే భూమేష్‌కు అప్పుడు చేతినిండా పని. మెట్‌పల్లి నుంచి వచ్చి పన్నెండేళ్లయింది. హాళ్లకు ప్లైవుడ్ అడ్డం కొట్టి గదులు చేయడమే అతని వడ్రంగం. టేపు తీయకుండానే చెప్పేస్తాడు: మనిషికి రెండున్నర అడుగులు, నడవడానికి ఇంకో రెండు.

ఈసారి గది తనకే కావలసి వచ్చింది. భార్య సృజన మొదటిసారి విజిట్ వీసా మీద వస్తోంది. టికెట్ శుక్రవారానికి. ఫ్యామిలీ బిల్డింగ్‌లో అడిగితే గేటు దగ్గరి హారిస్, "ముందు ఫ్యామిలీని చూపించు, తర్వాత తాళం" అన్నాడు. బ్యాచిలర్ల బిల్డింగ్‌లోకి ఆడవాళ్లను రానివ్వరు. మిగిలిన ఒక్క ఫ్లాటు అద్దెకు అతని జీతం మొత్తం పెట్టినా చాలదు.

చివరికి అక్కడే భార్యతో కాపురముంటున్న కడప మహబూబ్ సుభాని ఆదుకున్నాడు. పెరిగిన అద్దె అతనికీ భారంగానే ఉంది. "మా హాల్లో సగం తీసుకో భూమేషూ. గోడ నువ్వే కొట్టుకో."

గురువారం మధ్యాహ్నానికల్లా ప్లైవుడ్ గోడ లేచింది. తలుపుకు గొళ్లెం కూడా బిగించి, సుభాని భార్య మెహరున్నిసాను పిలిచాడు. ఆమె తొంగిచూసి నోటికి దుపట్టా అడ్డం పెట్టుకుంది.

"ఈ గదిలో ఎవరుంటారన్నా?"

"గట్లడుగుతవేందక్కా! నేను, సృజన."

"మరి ఆయమ్మ యాడ పండుకుంటాది? గోడ మీదా?"

భూమేష్ టేపు పెట్టి చూశాడు. సరిగ్గా నాలుగున్నర అడుగులు. సగం హాలు తీసుకోమన్నా చేయి ఒక్క మంచానికే కొలిచింది. పెళ్లయి పదేళ్లు. అయినా తన గది అనేసరికి ఒక్క మనిషే గుర్తొచ్చాడు.

"మర్సిపోయిన అక్కా," అన్నాడు తల గోక్కుంటూ.

"ఆ మాట ఆయమ్మకు చెప్పాకు. వచ్చిన ఫ్లైట్లోనే తిరిగి పోతాది."

గోడ జరపాలంటే అవతల ఆమె కుట్టు మిషనుంది. భూమేష్ దాన్ని చూసి, చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు.

"వంటింట్లో పెట్టుకుంటాలే. జరుపు, పొద్దుపోతాండాది."

ఈసారి అతను టేపు ముట్టుకోలేదు. కొత్త పరుపు తెచ్చి నేలమీద పరిచి, నడవడానికి జాగా వదిలి గీత గీశాడు.

"మరి ఆయమ్మ పెట్టె పెట్టుకునేకి?" అంది మెహరున్నిసా.

భూమేష్ ఆ గీత చెరిపి, ఇంకో మూరెడు అవతల గీశాడు.