నీళ్లు చూడని ఇంజిన్

2000 సంవత్సరం మార్చిలో నేను అమీర్‌పేటలోని ఒక కోచింగ్ సెంటర్లో విహార పడవల టెక్నీషియన్ కోర్సులో చేరాను. నాలుగు నెలల కోర్సు, చివర ట్రేడ్ టెస్టు. చుట్టుపక్కల గదులన్నిటిలో కంప్యూటర్ భాషలు చెబుతున్న రోజులవి. మెట్ల మీద జావా నేర్చుకునేవాళ్లు నన్ను చూసి పక్కకు తప్పుకునేవారు. గౌరవం వల్ల కాదు, నా చేతుల గ్రీజు వల్ల.

అంతకుముందు పంజాగుట్టలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటును. కాలేజీవాళ్లు ఆ ల్యాబు తీసేసి కంప్యూటర్లు పెట్టుకున్నారు. బల్లలతోపాటు నన్నూ బయటపెట్టారు. సనత్‌నగర్‌లో మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ అప్పటికే మూతపడింది. చెరువులో పడవలు తిప్పే ఒక సంస్థ మా బ్యాచ్ నుంచి ఒక్కరిని ట్రైనీ టెక్నీషియన్‌గా తీసుకుంటామని చెప్పింది. ఇంకొకరికి టికెట్ కౌంటర్లో చోటుంది. ఆడమనిషిని కాబట్టి కౌంటర్ నాకే రాసిపెట్టి ఉందని అందరూ అనుకున్నారు. నేను అనుకోలేదు. కౌంటర్ జీతంతో మా ఇల్లు గడవదు.

సెంటర్లో ఉన్నది ఒకే ఒక్క ఇంజిన్. అవుట్‌బోర్డ్ అంటారు, పడవ వెనక పలకకు బిగించేది. మూడో అంతస్తు బాల్కనీలో ఇనుప స్టాండు మీద ఉండేది. స్కూటర్ ఇంజిన్‌లా దీనికి గాలి చాలదు. కింది భాగం నీళ్లలో మునిగి ఉండాలి. లోపల ఇంపెల్లర్ అనే రబ్బరు రెక్కల చక్రం ఆ నీళ్లను పైకి తోడి ఇంజిన్‌ను చల్లబరుస్తుంది. తోడుతోందనడానికి గుర్తుగా పక్కనుంచి సన్నటి ధార బయటికి రావాలి. నీళ్లు లేకుండా తిప్పితే రబ్బరు కాలిపోతుంది. మొదటి వారం పాఠం ఇదే.

ఆ పాఠం వినని మనిషి మా డైరెక్టర్ ప్రసాదరావు గారు. కంప్యూటర్ కోర్సుల నుంచి వచ్చినాయన. అమీర్‌పేటలో ఏ కోర్సుకైనా ముందు ఉచిత డెమో క్లాసు ఉండాలి. మా డెమో అంటే దాదాపు రోజూ వచ్చినవాళ్లను బాల్కనీలో నిలబెట్టి ఇంజిన్ స్టార్ట్ చేసి వినిపించడం, పొడి స్టాండు మీదే. ఇంజిన్ ముంచడానికి కొన్న డ్రమ్ములో అందరం గొడుగులు పెట్టుకునేవాళ్లం.

నీళ్లు లేకుండా తిప్పితే పంపు పోతుందని ఆయనతో చెప్పాను.

“ఏంటండి మేడం, అర నిమిషానికే పోతుందా? చప్పుడు వినకపోతే ఎవరు చేరతారు?”

“చప్పుడే కావాలంటే క్యాసెట్ పెట్టండి.”

“మీరు కౌంటర్లో కూర్చుంటే జనం టికెట్ కొనకుండానే పారిపోతారండి.”

రేవు పడవల మీద పనిచేసి వచ్చిన మా ఇన్‌స్ట్రక్టర్ జహంగీర్ భాయ్‌ని కూడా నిలదీశాను. “నేను సుత చెప్పిన అమ్మా. జర పంపు విప్పి చూస్తనంటే, నడిచేదాన్ని ఎందుకు విప్పుతవ్ అంటడు సార్,” అన్నాడు. అందువల్ల పంపు విప్పడం మాకు బోర్డు మీద బొమ్మ గీసి నేర్పారు.

టెస్టు ఆషాఢంలో ఒక ఆదివారం పడింది. బల్కంపేట బోనాలకు రోడ్లు మూసేశారు, నీళ్ల ట్యాంకర్ రాలేదు. డైరెక్టర్ గారు మధురానగర్ హాస్టళ్లకు వెళ్లే మినరల్ వాటర్ డబ్బాలు తెప్పించి డ్రమ్ము నింపించారు. ఆ సెంటర్లో ఇంజిన్ చూసిన మొదటి నీళ్లు అవే.

పరీక్షకుడు పడవల సంస్థ ఫోర్‌మన్ నాయుడు గారు. అక్కడ వరస ట్రైనీ, గ్రేడ్ టూ, గ్రేడ్ వన్, ఆ పైన ఫోర్‌మన్. పడవలు బాగుచేసే షెడ్డులో ఆయన మాటే మాట. ఇంజిన్ స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నడిపి ఆపాలి, తర్వాత నోటి ప్రశ్నలు. నా పేరు అనసూయ కాబట్టి వరసలో నేనే ముందు.

తాడు ఒక్కసారి లాగితే అందుకుంది. చప్పుడు బ్రహ్మాండంగా ఉంది. పక్కకు చూశాను. ధార లేదు. కాసేపు ఆగి చూశాను, చుక్క కూడా లేదు. స్టాప్ బటన్ నొక్కాను.

“ఆపేశారేంటి మేడం?” అన్నారు డైరెక్టర్ గారు. నీళ్లు రావడం లేదన్నాను. ఆయన నాయుడు గారి వైపు తిరిగి, “ఈవిడకి ప్రతిదానికీ వాదనేనండి. మీరే విన్నారుగా చప్పుడు,” అన్నారు.

నాయుడు గారు నన్నే చూస్తూ, “మళ్లీ స్టార్ట్ చెయ్యమ్మా. చెయ్యకపోతే నడిపినదానికి సున్నా,” అన్నారు.

“సున్నా వేసుకోండి. స్పానర్లు ఇప్పించండి, ఎందుకు చెయ్యనో చూపిస్తాను.”

జహంగీర్ భాయ్ డైరెక్టర్ ముఖం చూడకుండా స్పానర్లు అందించాడు. కింది భాగం దించి, బోర్డు మీద బొమ్మను తలుచుకుంటూ పంపు విప్పాను. ఇంపెల్లర్‌కు రెక్కలు లేవు. నడుమ మొండి మిగిలింది, అరిగిన చెప్పు మడమలాగా.

నాయుడు గారు దాన్ని అరచేతిలో దొర్లించి, ఇది నీళ్లు లేకుండా ఎన్నిసార్లు తిరిగిందని అడిగారు.

డైరెక్టర్ గారు తేలికపడి, “రోజూ కాదండి, డెమో ఉన్నప్పుడే,” అన్నారు.

జహంగీర్ భాయ్‌కి దగ్గు వచ్చింది.

అయినా నాయుడు గారు సున్నా వేశారు. ఇంజిన్‌ను కాపాడినదానికి సున్నా ఏమిటని వాదించాను. “నడిపినందుకు మార్కులమ్మా. ఆపినందుకు కాలమ్ లేదు,” అన్నారు. ఇంజిన్ విప్పి ఉంది కాబట్టి మిగతావాళ్లను నోటి ప్రశ్నలతో పాస్ చేశారు. ఆ రోజు ఇంజిన్ ముట్టుకున్నది నేను, తప్పిందీ నేనే.

వెళ్లేటప్పుడు నాయుడు గారు మెట్ల దగ్గర ఆగి, “సోమవారం షెడ్డుకు రామ్మా. సర్టిఫికెట్ అడగను. వాదన ఇంజిన్ గురించే అయితే ఎంతసేపైనా వాదించు,” అన్నారు.

సర్టిఫికెట్ నాకు ఇప్పటికీ ఇవ్వలేదు. కానీ తర్వాతి బ్యాచ్ కరపత్రంలో, ఉద్యోగం సాధించిన మా విద్యార్థిని అని నా పేరు వేసుకున్నారు. డెమోలు ఆగలేదు. గొడుగులు మాత్రం డ్రమ్ములోంచి మెట్ల కిందికి మారాయి.

ట్రైనీగా చేరిన ఆ షెడ్డు నుంచే ఈమధ్య ఫోర్‌మన్‌గా స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. చప్పుడు ఇంజిన్ తిరుగుతోందని చెబుతుంది, బాగుందని చెప్పదు. అందుకని పక్కన ధార కంటపడేదాకా ఏ పడవ కట్టుతాడూ విప్పనివ్వలేదు, అందులో ఎవరు కూర్చున్నా సరే. ఒకసారి ఒక మంత్రి గారు కూడా ఆగారు. కొత్త ఇంపెల్లర్ వేసేదాకా ఆగారు.