నూరుల్లా పాత నంబరు

నెట్ సెంటరు నూరుల్లా ఎడపల్లిలో ఎవరినో ఉంచుకున్నాడని మా బోధన్ గల్లీలో తిరిగిన పుకారు ఉత్తదే. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు, పుట్టించింది నేనే కాబట్టి.

బ్రాడ్‌బ్యాండ్ మాటిమాటికీ ఆగిపోతోందని అతను పోయిన నెల కొత్త కంపెనీకి మారాడు. వాళ్లు కొత్త ఫోను నంబరు ఊరికే ఇస్తామన్నా వద్దన్నాడు. పాత లైను మీద నెట్ తీసేసి నంబరు మాత్రం ఉంచమని టెలిఫోన్ ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. బక్క మనిషి, ఎంత పెద్ద గిరాకీ వచ్చినా కుర్చీలోంచి కదలడు. ఆ పాత ఫోను మోగితే మాత్రం లేచి నిలబడి, కళ్లద్దాలు నుదుటిమీదికి తోసి, రిసీవరుకు చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ఎదురు అరుగు మీద బీడీలు చుట్టే నాకు చేతులకే గానీ చెవులకు పనేముంది? "తిన్నది. మోకాలు జర నయమే. నోరా? గది తగ్గలే," అనడం విన్నాను. చాలదా! వారం తిరిగేసరికి అతని భార్య ఖాసింబీ అతనితో మాట్లాడటం మానేసింది.

అది చూశాక నాకే మనసాగక అడిగాను. "నిజం చెప్పు బిడ్డా, ఎవలామె?"

"మీ నందిపేట్ అక్కనే, అవ్వా. పసుపు చేను కాడ లొల్లయి ఆరేండ్లాయె, నీతోని మాట్లాడ బుద్ధి కాదట. గని నువ్వెట్లున్నవో తెల్వకుంటే నిద్ర రాదట. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నది. నీ ఇంట్ల ఫోను లేనప్పుడు నువ్విచ్చిన మా నంబరొక్కటే ఆమెకు నోటికొస్తది, కొత్తది రాసుకుందామంటే చదువు రాదాయె. గది తీసేస్తే యాడికి చేస్తది?"