లిస్బన్ హోటల్లో మా ఫ్రిజ్ కంపు

దయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటి నుంచీ నవ్వే. అలాంటి కబుర్లు చెప్పేవాళ్ల దగ్గర కూర్చోను కూడా. అయినా ఇది రాస్తున్నానంటే, ఆ కంపు నా ముక్కును ఇంకా వదల్లేదు కాబట్టి.

మేం ఉండేది మస్కట్ పక్కన మత్రాలో. మా కింద రూమ్‌లో ఖాదర్ భాయ్ ఉంటారు. కడప ఆయన, ఇక్కడి పాత బజారు సూక్‌లో టైలర్, పెద్ద వయసు. షుగర్ ముదిరి రోజూ ఇన్సులిన్ తీసుకుంటారు. ఆ రూమ్ ఫ్రిజ్ అందరిదీ, ఎవడూ తలుపు సరిగా వెయ్యడు. ఒకసారి అలా పాడైన మందే వాడి ఆసుపత్రి పాలయ్యారు. బతుకుతారని ఎవరూ అనుకోలేదు. అప్పటి నుంచి ఆయన మందు సీసాలు మా ఫ్రిజ్‌లోనే. మా ఇంటి తాళంచెవి ఒకటి ఆయన దగ్గరుంటుంది.

ఇంకో సంగతి. మా ఇంట్లోకి చేప రాదు. ఆ వాసనే నాకు పడదు. మా ఆయన తినాలంటే బయటే.

ఈద్ సెలవులకి లిస్బన్ బయల్దేరాం. మత్రా కొండ మీది పోర్చుగీసు కోటను రోజూ చూస్తున్నాం కదా, వాళ్ల ఊరూ చూద్దామని మా ఆయన సరదా. ఆయనకో జబ్బుంది. ప్రయాణానికి ముందు ఇంట్లో ప్రతి స్విచ్చూ ఆపుకుంటూ తిరుగుతారు.

"ఫ్రిజ్ ముట్టకున్రి, ఖాదర్ భాయ్ మందున్నది" అన్నాను.

"నాకు తెల్వదా?" అని గుర్రుమన్నారు.

మొదటి రోజు ట్రామ్‌లూ, మెట్ల వీధులూ, నీలం పలకల గోడలూ చూసుకుంటూ హాయిగా గడిచింది. మర్నాడు మధ్యాహ్నం హోటల్ గది తలుపు తీయగానే గుప్పుమంది. కుళ్లిన చేప. ఛీ! కింద ఎండుచేపల కొట్టుంది, అదేననుకుని కిటికీ మూశాను. కంపు ఇంకా ఎక్కువైంది.

గదిలోని చిన్న ఫ్రిజ్ కింద నుంచి ఎర్రటి నీళ్లు జిగటగా కారుతున్నాయి. నా చెప్పు అందులో అంటుకుంది. పరుగెత్తుకెళ్లి వాంతి చేసుకున్నాను. ఆ ఫ్రిజ్‌లో మేం ఏమీ పెట్టలేదు. మా అటుకులూ గోంగూర పచ్చడీ పెట్టెలోనే ఉన్నాయి.

గదులు ఊడ్చే ఆవిడ వచ్చి తనూ ముక్కు మూసుకుంది. కాబట్టి నా భ్రమ అనడానికి లేదు. ఫ్రిజ్ తెరిస్తే లోపల ఖాళీగా, చల్లగా, శుభ్రంగా ఉంది. ఆవిడ తుడిచేకొద్దీ కింద నీళ్లు వస్తూనే ఉన్నాయి.

"కుళ్లిన చేప కంపు! ఏం హోటల్ పట్టిన్రు!" అని మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

ఆయన ముఖం పాలిపోయింది. తను పనిచేసే ఖురియాత్ సైట్ దగ్గర ఒకాయన ప్రేమగా పెద్ద చేప ఇచ్చాడట. కాదనలేక తెచ్చి, నాకు తెలియకుండా పేపర్లో చుట్టి మా ఫ్రీజర్ అడుగున దాచారట.

"ఫ్రిజ్ బందు చేసిన్రా?"

"ఏమో... అలవాట్ల చెయ్యి వడ్డదేమో."

నా ఫ్రిజ్‌లో చేప! తిట్టడానికి కూడా తీరిక లేదు. ఆ ఎండల్లో, మూసిన ఇంట్లో, ఆ మందు ఏమై ఉంటుంది? ఖాదర్ భాయ్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను.

"సూదిలోకి మందు ఎక్కిస్తాంటి అమ్మా, అందుకే ఎత్తల్యా" అన్నారు. పాత సీసా అయిపోయి, మా ఇంట్లోంచి కొత్తది అప్పుడే తెచ్చుకున్నారట. "ఫ్రిజ్‌లో లైటు పోయినాదేమో అనుకుంటి. జలుబు చేసి ముక్కు పనిచెయ్యడంల్యా."

"పారెయ్యున్రి భాయ్! పొడుచుకోకున్రి!" అని అరిచాను. 

ఆయన రూమ్‌మేట్‌ని కొత్త మందు కోసం ఫార్మసీకి పంపి, నేను చేప సంగతి చెప్పగానే తనే పైకెళ్లి మా ఫ్రీజర్ తెరిచారు. చేపకి పురుగులు పట్టాయని చెప్పారు. ఫోన్ పెట్టకుండానే సంచిలో కట్టి, వీధి చివర చెత్తడబ్బాలో వేశారు.

"ఏసినానమ్మా" అన్నారు. అంతే, లిస్బన్ గదిలో కంపు పోయింది. నేల పొడిగా ఉంది. ఊడ్చే ఆవిడ చేతిలోని గుడ్డను వాసన చూసి, నోరు తెరిచి, నాకందించింది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

మా ఆయన దీన్ని కాకతాళీయం అంటారు. అంటూనే స్విచ్‌లు ముట్టడం మానేశారు. దయ్యమని నేను ఇప్పటికీ అనను. నాకు తెలియకుండా దాచిన చేప కంపు అంత దూరం నా దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పనూ లేను.

చేపంటే అసహ్యం మాత్రం అలాగే ఉంది. మత్రా చేపల మార్కెట్ గాలి ఇటు తిరిగితే ఇప్పటికీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను. కాకపోతే, ముందు కిందికి దిగి, ఖాదర్ భాయ్ బాగానే ఉన్నారా అని ఒకసారి పలకరించి వస్తాను.